పదిహేను వేల కిలోమీటర్లు, ఎనిమిది మీటర్లు

కోల్‌కతాలోని దమ్‌దమ్ విమానాశ్రయం నుంచి మెక్సికో నగరం విమానాశ్రయానికి పదిహేను వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఎక్కడా ఆగకుండా ఎగిరే విమానమంటూ ఉంటే పద్దెనిమిది గంటల్లో దింపేస్తుంది. అలాంటి విమానం లేదు. గల్ఫ్‌లో ఒకచోట, యూరప్‌లో ఒకచోట దిగి, బెంచీల మీద పడిగాపులు పడి, మారి మారి వెళ్లేసరికి ఒకటిన్నర రోజు. ఈ లెక్కలు నాకు కంఠతా వచ్చు. ఎందుకంటే ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో నన్ను ఆపడానికి ప్రయోగించిన ఆయుధాలు ఇవే. ఎంత దూరం, ఎంతసేపు, ఏ దిక్కు, ఏ వారం.

నేను వెళ్లాలనుకున్నది ఇనప గుండు విసరడానికి. నవ్వొస్తే నవ్వుకోండి, నాకు అలవాటే. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, మోకాళ్లు మెట్లెక్కేటప్పుడు మూలుగుతాయి, తల సగం నెరిసింది. పెళ్లి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు మిగల్లేదు. రైల్వేలో గుమాస్తా ఉద్యోగం. ఆ ఉద్యోగం వచ్చిందే గుండు విసిరినందుకు, ఆటగాళ్ల కోటాలో. హౌరా పక్కన సంత్రాగాఛిలో నాన్న కట్టిన ఇల్లు. కింద వాటాలో అమ్మా నేనూ, పైన అన్న.

మాది విజయనగరం వైపు. తాత రైలు పని కోసమే ఇటొచ్చాడు, నాన్న గార్డుగా చేశాడు. ఆయన పచ్చజెండా ఊపితేగానీ బండి కదిలేది కాదు. ఆ జెండా ఊపేటప్పుడు ఆయన ఏనాడూ పంచాంగం చూడలేదు. రాహుకాలంలో ఊపాడు, అమావాస్య నాడు ఊపాడు, నడిమధ్య వర్జ్యంలో ఊపాడు. వేలమంది జనం ఆ జెండాని నమ్ముకుని క్షేమంగా ఇళ్లకి చేరారు. కానీ సొంతింట్లో మనిషి గడప దాటాలంటే మాత్రం ఆయనకి అన్నీ కుదరాలి.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఢిల్లీలో శిక్షణ శిబిరానికి ఎంపికయ్యాను. అందులో బాగా విసిరితే విదేశానికి పంపిస్తారు. మా జట్టంతా హౌరాలో బండెక్కాలి. నేను పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడితే, వర్జ్యం ఇంకా పోలేదని నాన్న కుర్చీలోంచి లేవలేదు. గడియారం చూస్తాడు, నన్ను చూస్తాడు, ఇంకాసేపు అంటాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చీర కొంగు నలుపుతోంది. చివరికి వర్జ్యం పోయింది, నాన్నా నేనూ లోకల్ పట్టుకుని హౌరా చేరాం, ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తాం. బండి వెనక పెట్టె కనిపించింది. అందులో ఇంకో గార్డు, ఇంకో పచ్చజెండా. గార్డు కూతురికి రైలు తప్పిపోయింది. మర్నాడు ఇంకో బండిలో వెళ్తే శిబిరంలో నా చోటు వేరే అమ్మాయికి ఇచ్చేశామన్నారు. ఆ తర్వాత ఏడాది భుజం దెబ్బతింది, అంతే. నాన్నని తిట్టుకోలేదా అంటే తిట్టుకున్నాను. ఇప్పటికీ తిట్టుకుంటాను. పోయిన మనిషి కదా అని మానలేదు.

యాభై దాటాక మళ్లీ మొదలుపెట్టాను. పెద్ద వయసువాళ్లకి పోటీలుంటాయని ఆఫీసులో ఎవరో చెప్పారు. మా వయసువాళ్లు విసిరేది మూడు కిలోల గుండు. ఒకటి కొనుక్కుని, తెల్లవారుతుండగా రైల్వే గ్రౌండుకి వెళ్లి విసరడం, వెళ్లి తెచ్చుకోవడం, మళ్లీ విసరడం. నడకకొచ్చే బెంగాలీ పెద్దమనుషులు ఆగి చూసి, ఆరోగ్యం జాగ్రత్త దీదీ అని సలహా ఇచ్చి వెళ్లేవారు. ఇంట్లో దాని చోటు వంటింటి మూల. దొర్లిపోకుండా అమ్మ తన పాత కుండ కుదురు ఒకటి తీసిచ్చింది. ఆ కుదురు మీద గుండు, పక్కన బియ్యం డబ్బా, అలా ఏళ్లు గడిచాయి. జిల్లాలో గెలిచాను, రాష్ట్రంలో గెలిచాను, దేశం మొత్తంలో మూడోదాన్నయ్యాను. అప్పుడొచ్చింది మెక్సికో పిలుపు. పరాయి దేశంలో, సున్నంతో గీసిన ఆ చక్రంలో ఒక్కసారి నిలబడాలి. నాకు కావలసింది అదొక్కటే. శుక్రవారం సాయంత్రం విమానానికి టికెట్టు కొనేసి, ఆ తర్వాతే ఇంట్లో చెప్పాను.

అన్న బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. చదువుకున్నవాడే, కంప్యూటర్ల మీద పనిచేసినవాడే. కానీ పంచాంగం విషయంలో నాన్న కుర్చీ ఖాళీ అవగానే వచ్చి కూర్చున్నాడు. ఫోన్‌లోనే పంచాంగం పెట్టుకున్నాడు. శుక్రవారం అనగానే మూతి ముప్పై వంకరలు తిప్పాడు.

"శుక్రవారం పడమటేపు శూల. తెలిసీ తెలిసీ ఎదురెల్తావేటి?"

వారశూల అంటే, ఒక్కో వారం ఒక్కో దిక్కు మూసి ఉంటుందని లెక్క. ఆ రోజు ఆ దిక్కున శూలం నిలబెట్టి ఉంటుందట, ఎదురెళ్తే గుచ్చుకుంటుందట. శుక్రవారం పడమర, మంగళ బుధవారాలు ఉత్తరం, ఇలా. మెక్సికో అమెరికా పక్కన ఉంది, అమెరికా పడమటి దేశం, అంచేత శుక్రవారం పనికిరాదని అన్న తేల్చేశాడు. నాకు ఒళ్లు మండింది. మళ్లీ అదే కుర్చీ, అదే మాట. అయితే ఈసారి నేను గుమ్మంలో నిలబడి ఏడ్చే రకం కాదు.

మేనకోడలు చదువుకునే రోజుల్లో కొన్న గ్లోబు ఒకటి బీరువా మీద ఉంది. దుమ్ము దులిపి తెచ్చి బల్ల మీద పెట్టాను. అమ్మ పూలు కట్టే దారం తీసుకుని, ఒక కొస కోల్‌కతా మీద వేలితో నొక్కిపట్టి, రెండో కొస మెక్సికో మీదికి లాగి బిగించాను. దారం ఎటు పోయిందో తెలుసా? పడమటికి పోలేదు, తూర్పుకీ పోలేదు. నేరుగా పైకి, హిమాలయాలు దాటి, సైబీరియా మీదుగా, ఆ మంచుగడ్డల నెత్తి మీదుగా వెళ్లి, కెనడా వైపు దిగి, మెక్సికోలో పడింది. రెండు విమానాశ్రయాల మధ్య దూరం అని చెప్పే పదిహేను వేల కిలోమీటర్లు ఈ దారమే. ఫోన్‌లో పటం తీసి కూడా చూపించాను. అదీ అలాగే గీసింది. బయల్దేరే దిక్కు ఉత్తరం, ఏ కొద్దిగానో తూర్పుకి ఒరిగిన ఉత్తరం.

అన్న గ్లోబు చుట్టూ తిరిగి చూశాడు. దారం తనే మళ్లీ పట్టుకుని లాగి చూశాడు. పక్కకి లాగితే వదులైపోతోంది, బిగిస్తే పైకే పోతోంది. చాలాసేపటికి, సరే, ఉత్తరమైతే శుక్రవారానికి అడ్డులేదని ఒప్పుకున్నాడు. అమ్మ తన దారం తను చుట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను గెలిచానని ఆ పూట ఇంత పాయసం వండుకుని తిన్నాను.

గెలిచానని ఎగిరిపడితే ఇలాగే ఉంటుంది. బయల్దేరే ముందు వారం ఫోన్‌కి సందేశం వచ్చింది. శుక్రవారం విమానం రద్దు. అంతకు ముందు బుధవారం ఖాళీ ఉంది, లేదా ఆ తర్వాతి వారం. తర్వాతి వారమైతే అక్కడ పోటీ ముగిసిపోతుంది. ఇంక ఆలోచించేదేముంది, బుధవారానికి ఒప్పుకుని నొక్కేశాను.

అన్న పంచాంగం చూశాడు. చూసి, ఎన్నాళ్లకో ఒకసారి నవ్వినట్టు నవ్వాడు.

"బుధవారం ఉత్తరం శూల. ఉత్తరవని దారం లాగి మరీ సూపించేవు గదే."

నా దారంతోనే నా కాళ్లు కట్టేశాడు. నేనూ ఊరుకోలేదు, విమానం ముందు పోయేది గల్ఫ్‌కి, అది పడమర, పడమరకి బుధవారం శుభ్రంగా పనికొస్తుందని ఎదురు తిరిగాను. అయితే దారం మాట అబద్ధమా అన్నాడు. దారం నిజమే, విమానం దారీ నిజమే అన్నాను. రెండు నిజాలు ఎలా ఉంటాయన్నాడు. ఇలా కాఫీలు చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. వాదిస్తూ వాదిస్తూ ఒక్కసారి ఆగిపోయాను. నేనేం చేస్తున్నానిక్కడ? ఇతని లెక్కలో ఇతన్ని గెలిచి, ఇతని చేత వెళ్లమనిపించుకుందామని చూస్తున్నాను. మొదట పడమర అన్నాడు, వద్దన్నాడు. ఉత్తరం అని ఒప్పుకున్నాడు, ఇప్పుడూ వద్దంటున్నాడు. దిక్కు మారుతోంది, వారం మారుతోంది, వద్దు అన్న మాట మాత్రం మారడం లేదు. నాకు పనికొచ్చే దిక్కు ఆ పంచాంగంలో లేదు.

బుధవారమే వెళ్తాను, ఉత్తరానికే వెళ్తాను, శూలం ఉంటే ఉండనీ, గుచ్చుకుంటే నాకే కదా గుచ్చుకునేది అని చెప్పి లేచాను. గొంతు పెరిగింది, పక్కింటికి కూడా వినపడే ఉంటుంది. వినపడనీ.

అన్న అప్పుడు అసలు బాణం తీశాడు. అది పంచాంగంలోది కాదు. ఆదివారం మధ్యాహ్నం, అమ్మ మంచం మీద కూర్చుని తోటకూర కోసుకుంటోంది, ఆమె ఎదుటే అడిగాడు.

"అమ్మకేటైనా అయితే, అక్కణ్ణించి రావడానికి నీకెంతసేపు పడతాది?"

అమ్మకి ఎనభై దాటాయి. రక్తపోటు ఉంది, ఒక కన్ను సరిగా కనపడదు. ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, అందరికంటే బాగా తెలుసు. వెంటనే టికెట్టు దొరికితే ఒకటిన్నర రోజు, దొరక్కపోతే ఎంతో ఎవరికి తెలుసు. పద్దెనిమిది గంటల విమానం నాకు వెళ్లేటప్పుడు అక్కర్లేకపోయింది గానీ, ఆ మాటతో తిరిగొచ్చేటప్పుడు కావలసి వచ్చింది. అమ్మ తలెత్తలేదు. ఆకులు ఒకవైపు, కాడలు ఒకవైపు వేసుకుంటూ కూర్చుంది. అన్న మీద కోపంతో నా చెవులు వేడెక్కిపోయాయి. అది ఊరికే అడ్డుపెట్టడానికి అడిగిన ప్రశ్నే కావచ్చు, కానీ అబద్ధపు ప్రశ్న కాదు. అందుకే అంత కోపం. టికెట్టు వదులుకుందామా అని కూడా అనుకున్నాను. ఎందుకు దాచాలి, అనుకున్నాను.

సోమవారం ఆఫీసుకి వెళ్లి సెలవు పని పూర్తి చేసుకొచ్చాను. పోటీకి ముందు భుజానికి విశ్రాంతి ఇవ్వాలి కాబట్టి ఆదివారం నుంచీ గుండు ముట్టుకోలేదు. మంగళవారం సాయంత్రం పెట్టె సర్దుతూ, బట్టల మధ్య ముందు బరువైనది పెట్టుకుందామని వంటింటి మూలకి వెళ్లాను. కుదురు ఖాళీగా ఉంది.

బియ్యం డబ్బా వెనక చూశాను, మంచం కింద చూశాను, పెరట్లో చూశాను. లేదు. మూడు కిలోల ఇనప ముద్ద కాళ్లొచ్చి నడిచిపోదు కదా. మెట్లు రెండేసి ఎక్కి పైకి వెళ్లాను, మోకాళ్ల సంగతి కూడా గుర్తులేదు. గుండు ఎక్కడ దాచావో చెప్పమని అన్నని నిలదీశాను. తను తియ్యలేదన్నాడు. నమ్మలేదు. నాన్న కుర్చీలో కూర్చుంటేనే సరిపోదు, ఒక ఆడదాని రైలు తప్పించాకగానీ నీకు నిద్ర పట్టదా అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను గానీ, అన్నందుకు బాధా పడను. అన్న ముఖం పాలిపోయింది. ఈ గొడవకి అమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. ఆమె మేడెక్కి ఎన్నేళ్లయిందో. వచ్చి, తలుపు పట్టుకుని, ఊపిరి తీసుకుని అంది.

"వాణ్ణి తిట్టకే. గుండు నేనే తీసేను. బౌదీ ఇంట్లో పరస్థానం పెట్టీసేను."

పరస్థానం అనే మాట విని చాలా ఏళ్లయింది. మా నాయనమ్మ కాలంలో ఉండేది. బయల్దేరాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే ఓ మంచిరోజు చూసి, ప్రయాణమయ్యే మనిషి వస్తువు ఒకటి ఇంకొకరింట్లో పెట్టి వస్తారు. అలా పెడితే ఆ మనిషి ఆ రోజే బయల్దేరినట్టు లెక్క. తర్వాత ఏ రోజు గడప దాటినా పట్టింపు లేదు, దారిలో ఉన్నవాళ్లకి శూల లేదు. ఉత్తరానికి సోమవారం అడ్డులేదు. నేను ఆఫీసుకి వెళ్లగానే అమ్మ గుండుని పాత చీర ముక్కలో మూటగట్టి, చంకన పెట్టుకుని, వీధి చివర బౌదీ ఇంటికి బయల్దేరిందట. బౌదీ అంటే నాన్న రోజుల నుంచీ ఇరుగుపొరుగైన బెంగాలీ ఇల్లాలు. మధ్యలో మూడు నాలుగు గేట్ల దగ్గర ఆగి, మూట గోడ మీద పెట్టి, అలుపు తీర్చుకుందట. ఎవరైనా సాయం వస్తామంటే వద్దందట.

అన్న తేరుకుని, నువ్వు కూడా ఏంటమ్మా అన్నాడు. నీకేదైనా అయితే అని మొదలుపెట్టాడు. అమ్మ చెయ్యి అడ్డంగా ఊపి ఆపింది.

"నాకేటైనా అయితే నువ్వున్నావు. గుండు ఇసరడానికి దానికి బదులు ఎవరున్నారు? అయినా అది నిన్ననే ఎల్లిపోనాది. లేని మనిషిని ఎలాగ ఆపుతావు?"

అన్న కుర్చీలో కూలబడ్డాడు. నేను నిలబడ్డ చోటే ఏడ్చాను, ముక్కు తుడుచుకోవడానికి ఏమీ దొరక్క చేతులకే రాసుకున్నాను. మెట్లు దిగేటప్పుడు అమ్మ నా భుజం పట్టుకుంది. కిందికి చేరాక, అన్నకి వినపడకుండా, చిన్నగా చెప్పింది. ఆవేళ హౌరా బండి ముందురోజు కూడా నా పెట్టెలోంచి ఓ చీర తీసిందట, పరస్థానం పెడదామని. పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, మీ నాన్న ఏమంటారో అని మళ్లీ మడతపెట్టీసేనే అంది. ఇన్నేళ్లూ ఆ మాట కడుపులో పెట్టుకుంది. చెప్పి, వెళ్లి దీపం పెట్టుకుంది.

బుధవారం మధ్యాహ్నం గడప దాటాను. అన్న పెట్టె మోసుకుని వెనకాలే వచ్చాడు, రమ్మని నేను అడగలేదు. బౌదీ ఇంటి దగ్గర కారాపి లోపలికి వెళ్తే, ఆమె నా గుండుని పూజగదిలో లక్ష్మి పక్కన ఇత్తడి పళ్లెంలో పెట్టి ఉంచింది. దాని నెత్తిన గంధం, కుంకుమ, ఒక ఎర్ర మందార. మాషీమా, అంటే మా అమ్మ, అంత భక్తిగా మోసుకొచ్చారు కదా, ఏ దేవుడో అడగడం బాగుండదని ఊరుకుందట. ఇది విసిరే వస్తువని చెబితే పగలబడి నవ్వింది. నవ్వి కూడా, చేతులు జోడించి, దుర్గమ్మని తలుచుకుంటూ దుగ్గా దుగ్గా అని సాగనంపింది. కారు హుగ్లీ నది మీది రెండో వంతెన ఎక్కాక అన్న ఫోన్ తీసి చూసి, వర్జ్యం అయిపోయిందిలే అన్నాడు. ఆ ఒక్క మాటతోనే అతని క్షమాపణ పూర్తయింది. నేనూ పెద్దగా బెట్టు చెయ్యలేదు.

దమ్‌దమ్‌లో పెట్టె తెరవమన్నారు. తెరలో నల్లగా గుండ్రంగా కనిపించేసరికి ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. తీసి చూస్తే బొట్టు పెట్టిన ఇనప గుండు. ఇది దేవుడా, బాంబా, ఏదో ఒకటి చెప్పండి అన్నట్టు చూశారు. పోటీ కాగితం చూపించి, నేనే విసిరేదాన్నని చెప్పాను. ఒకతను నన్ను పైనుంచి కిందికి చూసి, మీరా అన్నాడు. నేనే అన్నాను. విమానం లేచాక ముందు సీటు తెరలో చిన్న బొమ్మ విమానం పడమటికి తిరిగింది. మొదట్లో అన్న చెప్పిన పడమరా నిజమే. గమ్యానికి దూరం అని కింద అంకెలు మారుతున్నాయి. అది తగ్గుతుంటే, ఇంటికి దూరం అదే లెక్కన పెరుగుతోందని తెలుస్తూనే ఉంది. కళ్లు మూసుకుని, నేను సోమవారమే బయల్దేరానని చెప్పుకున్నాను.

అక్కడి ఊరు కొండంత ఎత్తులో ఉంది, నాలుగడుగులేస్తే ఆయాసం. చక్రంలోకి వెళ్లి, గుండుని మెడకి ఆనించుకుంటే, వేళ్ల సందుల్లో ఇంకా గంధం వాసన. విసిరాను. ఎనిమిది మీటర్ల చిల్లర పడింది, ఏడో స్థానం. పతకాలు మూడింటికే. పక్కన బ్రెజిల్ ఆవిడ ఎవరో నన్ను వాటేసుకుంది, ఎందుకో నాకు తెలియదు, నేనూ గట్టిగా వాటేసుకున్నాను. రాత్రి ఫోన్‌లో అన్న, పదిహేను వేల కిలోమీటర్లు ఎగిరెళ్లి ఎనిమిది మీటర్లు ఇసిరేవా అన్నాడు. అవును, ఎనిమిది మీటర్లే, అవి నావి అన్నాను. వెనక నుంచి అమ్మ, భోజనం చేసిందో లేదో అడగరా అంటోంది.

తిరిగొచ్చాక గుండు మళ్లీ కుదురు మీదికి చేరింది. అమ్మకి ఇప్పుడు రెండో కన్ను కూడా మసకేసింది, నడవడానికి కర్ర పట్టింది. తర్వాతి పోటీ దక్షిణాఫ్రికాలో అని ఒకరోజు అన్నం తింటూ మాటవరసకి అన్నాను. వెళ్తానని అనలేదు, టికెట్టు సంగతీ చూడలేదు. అమ్మ విన్నట్టు కూడా లేదు. అది ఏ దిక్కని మాత్రం మర్నాడు అన్నని అడిగిందట.

మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. కుదురు ఖాళీగా ఉంది. అమ్మ మంచం మీద కూర్చుని, కర్ర పక్కన పెట్టుకుని, భుజం నొక్కుకుంటోంది. ఈసారి గుండు ఎక్కడుందని నేనెవర్నీ అడగలేదు.